మీ ఇంటి వాటర్ సాఫ్ట్‌నర్ సరిగా పని చేయుచున్నదా?

గత వేసవిలో పంజాగుట్ట నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు భార్యతో కలసి అమీర్‌పేటలోని మా వైద్యశాలకు వచ్చినారు. వయస్సు డెబ్బది దాటినది. రక్తపోటు, గుండె బలహీనత చాలాకాలముగా ఉన్నవి. వాటికి ఆధునిక వైద్యులు ఇచ్చిన మందులను క్రమము తప్పక వాడుచున్నారు. నా వద్దకు వచ్చినది అజీర్ణము, కఫము కొరకు. నాడి చూచి, దీపన పాచన ఔషధములు ఇచ్చి, నీటిని సగము మిగులునట్లు కాచి ఆ నీటినే త్రాగుడని చెప్పి పంపినాను. మా గురువుగారి వద్ద నేర్చినది మొదలు వందలమందికి చెప్పిన మాటయే అది.

నెల తిరిగి వచ్చునప్పటికి అజీర్ణము తగ్గినది గాని పాదముల వాపు హెచ్చినది. రక్తపోటు కూడ పెరిగినది. వెంటనే వారి గుండె వైద్యుని వద్దకు పంపి, పిమ్మట ఆహారమును గూర్చి విచారించినాను.

“ఊరగాయ మానేశారు, అప్పడం మానేశారు. పప్పు కూడా చప్పగానే తింటున్నారండీ వైద్యులవారూ. ఇంకేం మాన్పించమంటారు?” అని ఆ ఇల్లాలు కన్నీరు పెట్టుకొన్నది.

“ఏ నీరు కాచి ఇచ్చుచున్నారమ్మా?” అని అడిగినాను. మొదటి రోజుననే అడుగవలసిన ప్రశ్న అది.

“ఉగాదికి ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టించామండీ. వంటింటి కొళాయికి కూడా ఆ నీళ్లే వస్తాయి. కానీ అది పని చెయ్యట్లేదు. మా అబ్బాయి మీటరు పెట్టి చూశాడు. మిషన్‌లోకి పోయే నీళ్లు 900 చూపిస్తే, బయటికొచ్చేవి 910 చూపించాయి.”

మరునాడు ఒక సబ్బుబిళ్ల, రెండు గాజు సీసాలు తీసికొని వారి ఇంటికి వెళ్లినాను. పది నిమిషములలో విషయము తేటపడినది. యంత్రము చక్కగా పని చేయుచున్నది. పొరపాటు వారు వాడిన మీటరులో కొంత ఉన్నది. అంతకంటె పెద్ద పొరపాటు నేను చెప్పిన మాటలో ఉన్నది. ఈ రెండును పాఠకుల ఇండ్లలో జరుగకుండ ఉండవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గట్టి నీరు ఎట్లు వచ్చును?

మన నగరము నల్లరాతి నేల మీద వెలసినది. వాన నీరు మట్టిలోనుండి, రాతి చీలికలలోనుండి దిగుచు కాల్షియము, మెగ్నీషియము లవణములను కరగించుకొనును. అందువలన బోరు నీరు సాధారణముగా గట్టిగా ఉండును. చెరువులు, నదుల నుండి వచ్చు నీరు అంతకంటె మెత్తనిది. 1908 మూసీ వరద తరువాత కట్టిన గండిపేట జలాశయము 1920లో పూర్తియైనది. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలములు నగరమునకు చేరినవి. అయినను అమీర్‌పేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో జలమండలి కొళాయి నీరు, బోరు నీరు, ట్యాంకరు నీరు మూడును ఒకే సంపులో కలియుట మనకు తెలిసినదే. వానకాలములో ఆ సంపు నీరు ఒక తీరు, వైశాఖ మాసములో మరియొక తీరు.

నీటి కాఠిన్యమును లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కింతురు. భారతీయ ప్రమాణముల సంస్థ 2012 ప్రమాణము ప్రకారము త్రాగు నీటిలో 200 వరకు ఉండుట మేలు; వేరు నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతి కలదు. గట్టి నీరు విషము కాదు. స్నానమునకు సబ్బు నురగ పట్టదు, గీజరులో తెల్లని గార కట్టును, కందిపప్పు ఎంత ఉడికించినను పలుకుగానే ఉండును. కాల్షియము పప్పులోని జిగురు పదార్థముతో కలసి దానిని బిగించుటయే ఇందుకు కారణము. మన పెద్దలు “ఈ బావి నీళ్లకు పప్పు ఉడకదు” అన్న మాటలో శాస్త్రము ఉన్నది.

చాలమంది పాఠకులు ఇండుప గింజ అరగదీసి కలిపిన చాలదా అని అడుగుచుందురు. సుశ్రుతుడు చెప్పిన ఆ కతక బీజము నీటిలోని మట్టిని, మడ్డిని క్రిందికి దింపును. నీటిలో కరగియున్న కాఠిన్యమును తీయజాలదు.

యంత్రము లోపల జరుగునది ఏమి?

సాఫ్ట్‌నర్ తొట్టెలో ఆవగింజలవంటి రెజిన్ గుళికలు ఉండును. అవి సోడియమును పట్టుకొని యుండును. గట్టి నీరు వాటి గుండ పారునప్పుడు కాల్షియము, మెగ్నీషియములను తమ వద్ద ఉంచుకొని, బదులుగా సోడియమును నీటిలోకి వదలును. అనగా యంత్రము లవణములను తీసివేయుట లేదు. ఒకదానికి బదులు మరొకదానిని ఇచ్చుచున్నది. కొన్నాళ్లకు గుళికల వద్ద సోడియము అయిపోవును. అప్పుడు ప్రక్క తొట్టెలోని ఉప్పు ద్రావణము వాటిపై పారి, పట్టిన కాల్షియమును కడిగి, తిరిగి సోడియమును నింపును. దీనినే రీజనరేషన్ అందురు.

ఈ ఒక్క సంగతి తెలిసినచో మీటరు చిక్కు విడిపోవును. అంగళ్లలో దొరకు టి.డి.ఎస్. మీటరు నీటిలో కరగిన లవణములన్నింటిని కలిపి అంచనా వేయును. ఏ లవణము ఏది అని విడదీసి చూపజాలదు. కాల్షియము పోయి సోడియము వచ్చినను దాని అంకె దాదాపు అదే. కావున సాఫ్ట్‌నర్ ముందు, వెనుక ఆ అంకె మారలేదని యంత్రమును నిందింపరాదు. ఆర్.ఓ. యంత్రమును పరీక్షించుటకు ఆ మీటరు తగినది, సాఫ్ట్‌నర్‌కు తగదు.

సబ్బు పరీక్ష

వాన నీరు త్రాగుటకు యోగ్యమో కాదో తెలియుటకు సుశ్రుత సంహిత ఒక పరీక్ష చెప్పుచున్నది. శాలి బియ్యపు అన్నపు ముద్దను వెండి పాత్రలో ఉంచి ఒక ముహూర్త కాలము వానలో పెట్టవలెను. అన్నము రంగు మారక, చెడక ఉన్నచో అది ఉత్తమమైన గాంగ జలము. నీటిని చూచి గాక, నీరు మరొక పదార్థమును ఏమి చేయుచున్నదో చూచి తెలిసికొనుట మన పూర్వుల మార్గము. సబ్బు పరీక్షయు అట్టిదే.

మూడు తెల్లని చిన్న సీసాలు శుభ్రముగా కడిగి ఆరబెట్టవలెను. మొదటి దానిలో యంత్రమునకు ముందున్న నీరు, రెండవ దానిలో యంత్రము దాటిన నీరు, మూడవ దానిలో బ్యాటరీల అంగడిలో దొరకు డిస్టిల్డ్ వాటర్ సగము వరకు సమానముగా పోయవలెను. ఒక చెంచాడు సబ్బు తురుమును కొద్దిపాటి డిస్టిల్డ్ వాటర్‌లో కరగించి, ఒక్కొక్క సీసాలో పదేసి చుక్కలు వేసి, మూత బిగించి, పది లెక్కించునంతసేపు గట్టిగా కుదుపవలెను. ఈ సబ్బు నీటిని ఎవరును త్రాగకుండ పిల్లలకు దూరముగా ఉంచవలెను.

మూడవ సీసాలో చిక్కని నురగ నిలుచును. క్రింది నీరు తేటగా ఉండును. రెండవ సీసా దానివలెనే ఉన్నచో యంత్రము పని చేయుచున్నది. రెండవది మొదటి సీసావలె నురగ లేక, విరిగిన పాలవలె తెల్లని తెట్టు కట్టినచో పని చేయుట లేదు. రెండింటికి నడుమ ఉన్నచో సగము పని చేయుచున్నది.

ఇందులో ఒక జాగ్రత్త కలదు. కుంకుడుకాయ, షాంపూ, బట్టల పౌడరు ఈ పరీక్షకు పనికిరావు. అవి గట్టి నీటిలో కూడ నురగనిచ్చును. పైన “టాయిలెట్ సోప్” అని, టి.ఎఫ్.ఎం. 76 శాతము లేక అంతకు మించి అని ముద్రించిన సబ్బును వాడవలెను. “బేతింగ్ బార్” అని ఉన్నవానిలో ఇతర నురగ పదార్థములు కలసియుండవచ్చును.

అంకెతో తెలియవలెనన్నవారు చుక్కల మందుతో కూడిన హార్డ్‌నెస్ కిట్ కొనవచ్చును. కొలిచిన నీటిలో రంగు మందు వేయగా ఎర్రబడును. రెండవ మందును చుక్క చుక్కగా వేయుచుండగా నీలముగా మారును. అన్ని చుక్కలకు ఎంత కాఠిన్యమో ఆ పెట్టె మీదనే ఉండును. మొదటనే నీలముగా కనబడినచో కాఠిన్యము లేదని అర్థము.

నీటిని ఎక్కడ, ఎప్పుడు పట్టవలెను?

పరీక్ష సరియైనదైనను, పట్టిన నీరు సరియైనది కానిచో ఫలితము తప్పును. గీజరు నీరు పట్టరాదు. అందులో పాత నీరు నిలచియుండును. మిద్దె మీది ట్యాంకు నీరును పట్టరాదు. యంత్రము నుండి వెలువడు గొట్టము వద్దనే, అయిదు నిమిషములు నీటిని వదలిన పిమ్మట పట్టవలెను. ఆ రోజు సంపులో బోరు నీరు ఉన్నదో, జలమండలి నీరు ఉన్నదో వాచ్‌మన్‌ను అడిగి తెలిసికొనవలెను. మొదటి సీసాలోని నీరే మెత్తనిదైనచో ఆనాటి పరీక్ష వలన ఏమియు తెలియదు.

ముఖ్యముగా, రీజనరేషన్ అయిన మరునాడు ఒకసారి, తరువాతి రీజనరేషన్‌కు ముందు రోజున ఒకసారి పరీక్షింపవలెను. మొదటి రోజు బాగుండి, చివరి రోజు బాగుండనిచో యంత్రము చెడలేదు. దాని శక్తికి మించిన నీరు దాని మీదుగా పోవుచున్నది.

ఈ లెక్క సులభము. ఒక లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యమును పట్టుకొనునని తీసికొందము. 25 లీటర్ల రెజిన్ 1250 గ్రాములు పట్టును. నీటి కాఠిన్యము 500 అయినచో 2500 లీటర్ల నీరు మెత్తబడును. రోజుకు 500 లీటర్లు వాడు ఇంటికి అది అయిదు రోజులు వచ్చును. వేసవిలో బోరు నీరు మాత్రమే మిగిలి కాఠిన్యము 800కు పెరిగినచో అదే యంత్రము 1560 లీటర్లకే, అనగా మూడు రోజులకే అలసిపోవును. వానకాలములో అయిదు రోజులకు పెట్టిన టైమరును వేసవిలో మార్చనిచో చివరి రెండు రోజులు గట్టి నీరే వచ్చును. అమీర్‌పేటలో కోచింగుకు వచ్చు విద్యార్థుల హాస్టళ్లలో ఇది తరచుగా కనబడుచున్నది. ఇరువది మందికి సరిపడు యంత్రమును ఎనుబది మందికి వాడుచు, యంత్రము మంచిది కాదనుట న్యాయము కాదు.

ఉప్పు తొట్టె చెప్పు సాక్ష్యము

మా అపార్టుమెంటులో జరిగినది కూడ చెప్పవలెను. నిరుడు సంఘ సమావేశములో మా వాచ్‌మన్‌ను అందరును మెచ్చుకొన్నారు. మూడు నెలలుగా సాఫ్ట్‌నర్‌కు ఒక్క ఉప్పు బస్తా కూడ కొనవలసిన అవసరము రాలేదట. నేనును చప్పట్లు కొట్టినాను. ఇంటికి వచ్చి చెప్పగా నా భార్య, “అందుకేనా నెల రోజుల నుంచి కుక్కరు ఏడు కూతలు కూసినా పప్పు మెదగడం లేదు?” అన్నది. ఉప్పు ఖర్చు కానిచో రీజనరేషన్ జరుగలేదన్న మాట! మరునాడు తొట్టె మూత తీసి చూడగా, ఉప్పు పైన రాయివంటి పెచ్చు కట్టి, క్రింద ఖాళీ ఏర్పడినది. ఉప్పు ఉన్నను నీటికి అందుట లేదు.

కావున సబ్బు పరీక్షలో యంత్రము తప్పినచో మెకానిక్‌ను పిలుచుటకు ముందు ఈ వరుసలో చూడవలెను.

1. నీరు యంత్రములోకి పోకుండ ప్రక్క నుండి నేరుగా పోవు బైపాస్ వాల్వు తెరచియున్నదేమో చూడవలెను. మరమ్మతు చేసినవారు తిరిగి మూయుట మరచుట కద్దు.

2. కరెంటు ఉన్నదా, టైమరులోని గడియారము సరియైన సమయము చూపుచున్నదా చూడవలెను. కరెంటు పోయి వచ్చిన పిమ్మట కొన్నింటిలో సమయము తప్పును.

3. ఉప్పు మట్టము ఎంతవరకు ఉన్నదో తొట్టె మీద గీత గీసి, రీజనరేషన్ తరువాత తగ్గినదా చూడవలెను. పై లెక్కలోని ఇంటికి ఒక్కొక్కసారి సుమారు 3 కిలోల ఉప్పు ఖర్చగును. అసలు తగ్గనిచో కర్రతో మెల్లగా పొడిచి పెచ్చు కట్టినదేమో తెలిసికొనవలెను.

4. ఉప్పు శుభ్రమైనదై ఉండవలెను. మట్టి కలసిన ఉప్పు అడుగున బురద కట్టి, ద్రావణము పోవు సన్నని గొట్టమును మూయును.

5. ఇవన్నియు బాగుండియు నీరు గట్టిగానే ఉన్నచో గుళికలకు ఇనుపచిలుము పట్టియుండవచ్చును, లేక అవి అరిగియుండవచ్చును. ఇది మెకానిక్ చూడవలసిన పని. కొళాయి జల్లెడలో గుళికలు కనబడినచో లోపలి భాగము విరిగినదని గ్రహింపవలెను.

రీజనరేషన్ తరువాత నీరు ఉప్పగా ఉన్నచో కడుగుట చాలలేదని అర్థము. ఆ నీటిని వాడక పారబోసి, కడుగు సమయమును పెంచుమని మెకానిక్‌తో చెప్పవలెను. మరి స్నానము చేసినప్పుడు ఒడలు జారుచున్నట్లున్నదని కొందరు ఫిర్యాదు చేయుదురు. అది దోషము కాదు. మెత్తని నీటి లక్షణము. సబ్బు తగ్గించి వాడవలెను.

గొట్టమునకు అయస్కాంతము తగిలించిన చాలునని అమ్మువానిని కూడ ఈ సబ్బుతోనే పరీక్షింపుడు. కాల్షియము నీటిలోనే ఉన్నంతవరకు సబ్బు విరుగుచునే ఉండును. ఇక చర్మవ్యాధులు నయమగునని సాఫ్ట్‌నర్ కొనువారు తెలియవలసినది ఒకటి కలదు. ఇంగ్లండులో ఎక్జిమా కల 336 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2011లో ప్రచురితమైనది. మామూలు చికిత్సకు తోడు సాఫ్ట్‌నర్ పెట్టినందువలన వ్యాధి అదనముగా తగ్గినట్లు తేలలేదు. సబ్బు ఆదా అగును, గీజరు బాగుండును, స్నానము హాయిగా ఉండును. అంతకు మించి ఆశింపరాదు.

పని చేయుచున్న యంత్రపు నీరు త్రాగవచ్చునా?

ఇప్పుడు మాస్టారి సంగతికి వచ్చెదను. కాఠిన్యము 100 తగ్గినప్పుడెల్ల లీటరు నీటిలోకి 46 మిల్లీగ్రాముల సోడియము చేరును. వారి బోరు నీటి కాఠిన్యము కిట్‌తో చూడగా 500 వచ్చినది. అనగా లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియము క్రొత్తగా చేరుచున్నది. ఆ నీటిని నా మాట ప్రకారము సగము మిగులునట్లు కాచినారు. ఆవిరిగా పోయినది నీరే గాని సోడియము కాదు. లీటరుకు 460 అయినది. రోజుకు రెండు లీటర్లు త్రాగినందున 920 మిల్లీగ్రాములు. నీటిలో మొదటినుండి ఉన్న సోడియము ఇందులో లెక్కకు రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకే రోజు మొత్తముమీద 2000 మిల్లీగ్రాముల లోపు ఉండవలెనని చెప్పుచున్నది. ఆ ఇల్లాలు పప్పులో మాన్పించిన ఉప్పును నేను నీటిలో పోసి త్రాగించినట్లైనది.

పిప్పలి, క్షారము, లవణము ఈ మూడింటిని అతిగా వాడరాదని చరక సంహిత విమానస్థానములో ఉన్నది. గురుకులములో కంఠస్థము చేసిన విషయమే. మా గురువుగారి కాలములో ఉష్ణోదకమునకు వాడినది గోదావరి నీరు. నేను పద్ధతిని గుర్తుంచుకొన్నాను గాని, నీరు మారినదని గుర్తింపలేదు.

రక్తపోటు, గుండె, మూత్రపిండముల వ్యాధులు కలవారు, వైద్యులు ఉప్పు తగ్గింపుమన్నవారు సాఫ్ట్‌నర్ నీటిని త్రాగుటకు, వంటకు, కషాయములకు వాడరాదు. పసిపిల్లల డబ్బాపాలు కూడ ఈ నీటితో కలుపరాదు. వంటింటిలో ఒక కొళాయికి యంత్రముతో సంబంధము లేని జలమండలి నీరు నేరుగా వచ్చునట్లు ప్లంబరుతో చెప్పి పెట్టించుకొనవలెను. అది వీలుకానిచో ఆర్.ఓ. గుండ పోయిన నీటిని వాడవచ్చును, ఆర్.ఓ. సోడియమును చాలవరకు తీయును. సాఫ్ట్‌నర్ క్రిములను చంపదు గనుక త్రాగు నీటిని కాచి చల్లార్చుట మానరాదు. తులసి కోటలో కూడ ఈ నీరు పోయకుడు. సోడియము చేరి మట్టి చెడును.

మాస్టారి గుండె వైద్యులు మందులు సవరించినారు. జలమండలి నీటిని ఒక పొంగు వచ్చువరకు మాత్రమే కాచి, వైద్యులు చెప్పిన కొలతకు మించకుండ ఇచ్చుమని నేను చెప్పినాను. మూడు వారములలో వాపు తీసినది. అందులో మందు వలన ఎంత, నీటి మార్పు వలన ఎంత అని విడదీసి చెప్పజాలను. యంత్రమును వారు తీసివేయలేదు. స్నానమునకు, బట్టలకు వాడుకొనుచున్నారు. ఆ ఇల్లాలు గోడ మీది క్యాలెండరులో నెలకు రెండుసార్లు “సబ్బు సీసా” అని వ్రాసికొని పరీక్షించుచున్నది.

ఇప్పుడు మా వైద్యశాలకు ఎవరు వచ్చినను, ఆకలి, నిద్ర, మలమూత్రములను గూర్చి అడుగుటకు ముందే మీ ఇంట త్రాగునది ఏ నీరు అని అడుగుచున్నాను. పాఠకులు కూడ తమ వైద్యుడు అడుగకపోయినను ఈ సంగతి చెప్పగలరని కోరుచున్నాను.